ముందు పది కార్డులు చాలు!

కొత్తగా పని మొదలుపెట్టారా? విజిటింగ్ కార్డు ఇంట్లోనే డిజైన్ చేసుకుని, ఇంట్లోనే ప్రింట్ తీసుకోవచ్చు. ఎలాగో చూడండి.

డిగ్రీ అయ్యాక ఒకపక్క ఉద్యోగం వెతుకుతూనే, చేతిలో ఉన్న పనితో సంపాదన మొదలుపెట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తున్నారు. బ్లౌజులకు మగ్గం వర్క్ చేసేవాళ్లు, ఇంట్లో కేకులు చేసి ఇచ్చేవాళ్లు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఏసీలు సర్వీస్ చేసేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు... పనిలో వంక పెట్టడానికి ఉండదు. కానీ ఏ ఫంక్షన్‌లోనో ఎవరైనా ‘మీ కార్డుంటే ఇవ్వండి’ అనగానే తడబడతారు. నంబరు చెబుతారు. ఎదుటివాళ్లు ‘బ్లౌజ్ అమ్మాయి’ అనో ‘ఏసీ అబ్బాయి’ అనో ఫోన్‌లో వేసుకుంటారు. ఆర్నెల్ల తర్వాత అవసరం పడితే ఏ పేరుతో వేసుకున్నారో గుర్తురాదు. మీకు రావాల్సిన ఆర్డరు ఇంకెవరికో వెళ్లిపోతుంది.

సరే, కార్డు వేయిద్దామని డీటీపీ షాపుకెళ్తే వెయ్యికి తక్కువ కుదరదంటారు. అది వాళ్ల మొండితనమేం కాదు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో ముందు ప్లేటు చేయాలి, మెషిన్ సెట్ చేయాలి. ఆ ఖర్చు వంద కార్డులకైనా వెయ్యికైనా ఒక్కటే. పైగా చాలాచోట్ల ఒక పెద్ద షీటు మీద వేర్వేరు కస్టమర్ల కార్డులు పక్కపక్కనే పేర్చి ఒకేసారి కొట్టేస్తారు. అందుకే కార్డు ఒక్కింటికి అంత చవగ్గా పడుతుంది.

చిక్కల్లా కొత్తగా మొదలుపెట్టినవాళ్లకే. రెండు నెలలు తిరిగేసరికి నంబరు మారుతుంది, అద్దెగది మారుతుంది, ‘ఫాల్, పీకో కూడా చేస్తాం’ అని చేర్చాల్సి వస్తుంది. అప్పటికి పంచినవి వందో, నూటయాభయ్యో. మిగిలినవి అలమరలోనే. పాత నంబరు కొట్టేసి పెన్నుతో కొత్తది రాసిన కార్డు ఇచ్చి చూడండి, తీసుకున్నావిడ ముఖంలో ‘నా పట్టుచీర బ్లౌజు ఈ అమ్మాయి చేతిలో పెట్టొచ్చా’ అన్న సందేహం కనిపిస్తుంది.

ఇంట్లో వేసుకుంటే ప్రెస్సులో వచ్చినంత నీటుగా రాదు. ఆ సంగతి ముందే ఒప్పుకుందాం. ఇంట్లో దొరికేది మార్చుకునే వీలు. ఒక ఏ4 షీటుకు పది కార్డులు వస్తాయి. ఆ పదీ పంచండి, ఎవరేమన్నారో వినండి, నచ్చనిది మార్చి ఇంకో షీటు తీయండి. మూడు నాలుగు షీట్లు అయ్యేసరికి మీ కార్డులో ఏముండాలో మీకే తెలిసిపోతుంది. ప్రెస్సుకు అప్పుడు వెళ్లొచ్చు.

కంప్యూటర్ తెరవకముందే...

ముందు తెల్లకాగితం మీద పెన్నుతో రాసుకోండి. మీరు మగ్గం వర్క్ చేస్తారనుకుందాం. కార్డు ఎవరి చేతికి వెళ్తుంది? కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లి చేతికి. ఆవిడకు మీ లోగోతో పనిలేదు. ‘ప్రొప్రైటర్’ అన్న మాటతో అసలే పనిలేదు. ఆవిడ వెతికేది మూడే: ఏం పని చేస్తారు, ఎక్కడుంటారు, ఎలా పిలవాలి. కాబట్టి అన్నింటికన్నా పెద్దగా ఉండాల్సింది ‘మగ్గం వర్క్ బ్లౌజులు’ అన్న మాట. దాని కింద మీ పేరు, దాని కింద నంబరు. చాలామంది కార్డుల్లో పేరు బండంత అక్షరాల్లోనూ, పని చీమల్లాంటి అక్షరాల్లోనూ ఉంటుంది. మిమ్మల్ని ఒక్కసారే చూసినావిడకు నెల తర్వాత ఆ పేరు ఏమీ చెప్పదు.

పదిరకాల పనులు వచ్చినా పదీ రాయకండి. మెహందీ, మగ్గం, బ్యూటీషియన్, ట్యూషన్, ఎల్ఐసీ అన్నీ ఒకే కార్డు మీద ఉంటే దేంట్లోనూ నమ్మకం కలగదు. రెండు పనులుంటే రెండు కార్డులు. ఇంట్లో ప్రింటర్ ఉన్నందుకు ఇదో లాభం: షీటులో ఆరు మగ్గానికి, నాలుగు మెహందీకి తీసుకోవచ్చు.

నంబరును 5, 5 అంకెలుగా విడదీసి రాయండి. ఒకటే నంబరు ఇవ్వండి, అదీ మీరు ఎత్తేదే. ఈ-మెయిల్ ఉంటే మంచిదే కానీ, ఇంటర్‌లో సరదాకి పెట్టుకున్న ‘స్వీట్ బుజ్జి’ ఐడీ మాత్రం వద్దు!

వెనకవైపు ఖాళీగా వదిలేసే బదులు కస్టమర్‌కు పనికొచ్చేలా చేయండి. నాకు అన్నింటికన్నా నచ్చేది టైలర్ల పద్ధతి: ‘బ్లౌజు ఇచ్చిన తేదీ... తిరిగి ఇచ్చే తేదీ... అడ్వాన్సు...’ అని చుక్కల గీతలు. మీరే పెన్నుతో నింపి ఇస్తారు. పని పూర్తయ్యేదాకా ఆ కార్డు ఆవిడ పర్సులోంచి కదలదు. ఏసీ సర్వీసు చేసేవాళ్లయితే ‘సర్వీసు చేసిన తేదీ, మళ్లీ చేయించాల్సిన నెల’. ట్యూషన్ అయితే బ్యాచ్ టైమింగ్స్. కార్డు మీద పెన్ను రాయాలంటే వెనకవైపు నున్నగా మెరిసే కాగితం కాకూడదు, ఇది గుర్తుంచుకోండి.

జాబ్ మేళాకు వెళ్లే విద్యార్థులకూ ఇది పనికొస్తుంది. పేరు, చదువు, మీకు నిజంగా వచ్చిన ఒకటి రెండు స్కిల్స్, లింక్డిన్ లేదా గిట్‌హబ్ లింకు. అంతే. రెజ్యూమె ఫైల్లోకి పోతుంది, కార్డు మనిషి జేబులోకి పోతుంది. ఉద్యోగం రాకముందే ‘ఫౌండర్ అండ్ సీఈఓ’ అని వేసుకున్నవి కూడా కనిపిస్తుంటాయి, అవి చూసి ఇంటర్వ్యూ చేసేవాళ్లు నవ్వుకోవడం తప్ప ప్రయోజనం లేదు.

తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

ఎవరు చదువుతారో దాన్నిబట్టే. కాలనీలో తిరిగే ఎలక్ట్రీషియన్‌కు, మగ్గం వర్క్‌కు తెలుగే మేలు. వీడియో ఎడిటర్‌కు ఇంగ్లిష్ నడుస్తుంది. రెండూ కావాలనుకుంటే ముందువైపు తెలుగు, వెనకవైపు ఇంగ్లిష్ పెట్టండి, ఒకేవైపు కలిపి కుక్కొద్దు.

తెలుగుకు జాగా ఎక్కువ కావాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా. ఇంగ్లిష్ 8 పాయింట్ల సైజులో చదవగలిగినా తెలుగును 10కి తగ్గించకండి. పెద్దవాళ్ల కోసమైతే 11 పెట్టండి. లైనుకూ లైనుకూ మధ్య దూరం కూడా కాస్త పెంచాలి, లేకపోతే పైలైను వత్తు కిందిలైను గుడిని తాకుతుంది.

ఫాంట్ల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, సురవరం, ఎన్టీఆర్ లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితం. పని పేరుకు రామభద్ర లాంటి లావు ఫాంటు, మిగతాదానికి మండలి పెడితే బాగుంటుంది. రెండుకు మించి వద్దు.

కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోతాయి. ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’, ‘స్త్రీ’ అని టైప్ చేసి చూడండి. ఈ మూడూ సరిగా వస్తే మిగతావీ వస్తాయి. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్, ఇంక్‌స్కేప్‌లలో తెలుగు చక్కగా వస్తుంది. ఫోన్‌లోనే చేసుకునేవాళ్లకు కాన్వా ఉంది. ఏది వాడినా చివర్లో పీడీఎఫ్‌గానే దాచుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

ఇంకో మాట. మన డీటీపీ షాపుల్లో చాలావరకు పాత అను ఫాంట్లతో పనిచేస్తారు. మీ యూనికోడ్ అక్షరాలు అక్కడ నేరుగా అతకవు కాబట్టి ఆపరేటర్ మళ్లీ టైప్ చేస్తారు. ఇంటిపేర్లు తప్పుపడేది అక్కడే. రేపు ప్రెస్సుకెళ్లినా మీ పీడీఎఫ్‌నే వాడమని అడగండి.

కొలతలు కుదిరితే సగం పని అయినట్టే

మన దగ్గర కార్డు సైజు సాధారణంగా 90 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు. ఏటీఎం కార్డు సుమారు 86, 54. కాబట్టి పర్సు అరలో ఇమడాలనుకుంటే పొడవు 86కి తగ్గించుకున్నా తప్పులేదు. ఏ4 షీటు 210, 297. అడ్డంగా రెండు, నిలువుగా అయిదు పేరిస్తే 180, 270 అవుతుంది. చుట్టూ దాదాపు సెంటీమీటరున్నర ఖాళీ మిగులుతుంది. ప్రింటర్ రోలర్లు పట్టుకోవడానికి ఆ ఖాళీ కావాలి కూడా.

అక్షరాలేవీ కార్డు అంచుకు 5 మిల్లీమీటర్ల లోపలికి రానివ్వకండి. ఇంట్లో కోసినప్పుడు మిల్లీమీటరు అటూఇటూ పోవడం మామూలే. అదే కారణంతో ముందువైపు అంచులదాకా రంగు పులమొద్దని నా సలహా. ప్రెస్సులో అయితే రంగును అంచు దాటి 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేసి, తర్వాత మెషిన్‌తో కోస్తారు. ఇంట్లో చేత్తో కోసేటప్పుడు కొంచెం జరిగినా ఒకపక్క తెల్లగీత కనిపిస్తుంది. తెల్లని కార్డు మీద నల్లని అక్షరాలు, ఒకే ఒక్క రంగు. దీనికి మించిన డిజైన్ ఇంటి ప్రింటర్‌కు లేదు, ఇంకూ మిగులుతుంది.

ఫొటో పెట్టాలనుకుంటే అంగుళానికి 300 చుక్కల నాణ్యత ఉండాలి. అంటే కార్డంతా ఫొటో అయితే కనీసం 1063, 638 పిక్సెల్స్. స్క్రీన్ మీద మెరిసిన చిలకపచ్చ, నియాన్ నీలం కాగితం మీద వాడిపోయినట్టు వస్తాయి. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ ఇంకుతో చూపిస్తుంది, ఆ తేడా తప్పదు.

కాగితం దగ్గరే తేడా వస్తుంది

జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో. పదహారు ఏ4 షీట్లు కలిపితే ఒక చదరపు మీటరు. అంటే 240 జీఎస్ఎం షీటు ఒక్కోటి 15 గ్రాములు తూగాలి. షాపువాళ్లు ‘ఇది 300’ అంటే వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి, దాదాపు 19 గ్రాములు రావాలి!

కార్డుకు 220 నుంచి 300 మధ్య బాగుంటుంది. కానీ కాగితం కొనేముందు మీ ప్రింటర్ మాన్యువల్‌లో ఎంత మందం వరకు తీసుకుంటుందో చూడండి. ముందు ట్రేలో పెట్టే ప్రింటర్లలో షీటు లోపల గుండ్రంగా తిరిగి బయటికి వస్తుంది, మందం కాగితం అక్కడే ఇరుక్కుంటుంది. వెనకనుంచి పెట్టేవాటిలో ఆ బెడద తక్కువ. రెండు పలుచని షీట్లు జిగురుతో అతికించే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. తడి జిగురుకు కార్డు అప్పడంలా వంకర తిరుగుతుంది, నేనైతే వద్దంటాను.

ఇంక్‌జెట్‌కు మ్యాట్ కాగితం కొనండి. రెండువైపులా ప్రింట్ కావాలంటే ప్యాకెట్ మీద రెండువైపులా పూత ఉన్నట్టు రాసి ఉందేమో చూడాలి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు చాలావాటిలో నలుపు పిగ్మెంట్ ఇంకు, రంగులు డై ఇంకు. డై ఇంకు మీద నీటిచుక్క పడితే చెదిరిపోతుంది. అందుకే ఫోన్ నంబరు నల్లగానే ఉండనివ్వండి. చెమట చేతుల్లో, తడి పర్సుల్లో నంబరైనా బతకాలి కదా.

లేజర్ ప్రింటర్ ఉంటే నీళ్ల భయం లేదు. కానీ ఇంక్‌జెట్ ఫొటో పేపర్‌ను లేజర్‌లో పెట్టొద్దు. లోపలి వేడికి దాని పూత కరిగి రోలర్‌కు అతుక్కుంటుంది, మెషిన్ పాడవుతుంది. ఇంట్లో ప్రింటర్ లేనివాళ్లు పీడీఎఫ్ పట్టుకుని కలర్ లేజర్ ఉన్న జిరాక్స్ షాపుకెళ్తే, మందం ఆర్ట్ కార్డ్ మీద ఒకటి రెండు షీట్లు తీసిస్తారు. కోసుకోవడం ఇంట్లో చేసుకోవచ్చు.

ప్రింట్ చేసేటప్పుడు సెట్టింగ్స్‌లో ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి. లేదంటే మీ 90 మిల్లీమీటర్ల కార్డు తగ్గిపోయి వస్తుంది. ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి స్కేలుతో కొలవండి. రెండోవైపు కూడా దానిమీదే తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడండి. రెండువైపులూ ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పుతాయి, కంగారొద్దు. వెనకవైపు గీతల్ని మధ్యలోకి సర్దితే ఆ తేడా తెలియదు. ప్రింట్ అయ్యాక ఒక రాత్రి ఆరనివ్వండి.

కోయడానికి కత్తెర వద్దే వద్దు. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన పేపర్ కట్టర్, కింద కటింగ్ మ్యాట్ లేదా మందం అట్ట. ఒక్కసారే బలంగా లాగకుండా మెల్లగా మూడుసార్లు లాగండి. స్కేలు పట్టుకున్న వేళ్లు అంచు దాటి బయటికి రాకుండా చూసుకోండి. షీటుకు తొమ్మిది కోతలు పడతాయి. పది షీట్లంటే తొంభై. అందుకే వంద కార్డులు దాటాక ఇంట్లో వేసుకోవడం గిట్టుబాటు కాదని నా లెక్క.

క్యూఆర్ కోడ్ పెడుతున్నారా?

1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ కంపెనీ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసిన ఈ గళ్ల కోడ్ ఇప్పుడు కొబ్బరిబోండాల బండి మీదా ఉంది. కార్డు మీద పెట్టడం సులువే, కానీ ఒక మోసం ఉంది. ఆన్‌లైన్‌లో ‘ఫ్రీ’ అని కోడ్ చేసిచ్చే కొన్ని సైట్లు డైనమిక్ కోడ్ ఇస్తాయి. దాన్ని స్కాన్ చేస్తే ముందు వాళ్ల సైట్‌కు వెళ్లి, అక్కడినుంచి మీ దగ్గరికి వస్తుంది. ట్రయల్ గడువు అయిపోయాక డబ్బు కట్టకపోతే కోడ్ పనిచేయదు. పంచిన కార్డులన్నీ వృథా. కాబట్టి స్టాటిక్ కోడే తీసుకోండి.

అందులో ఏం పెట్టాలి? పేరు, అడ్రసు, నంబరు అన్నీ కుక్కితే గళ్లు మరీ చిన్నవైపోయి ఇంకు అలుక్కుంటుంది. వాట్సాప్ చిన్న లింకు ఒక్కటి చాలు: డబ్ల్యూ, ఏ, డాట్, ఎం, ఈ, స్లాష్, తర్వాత 91, ఆ వెంటనే మీ పది అంకెల నంబరు. ప్లస్ గుర్తు అక్కర్లేదు. కోడ్ కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ తెల్లగా ఖాళీ వదలాలి, తెలుపు మీద నలుపే వాడాలి.

పేమెంట్ కోడ్ మాత్రం కార్డు మీద వద్దు. డబ్బు తీసుకునేటప్పుడు ఫోన్‌లో చూపించుకోవచ్చు.

నంబరు బయటికెళ్లాక...

ఇది ముఖ్యంగా ఇంటినుంచి పనిచేసే అమ్మాయిలకు. కార్డు ఒకసారి చేయి దాటితే ఎవరెవరి దగ్గరికి వెళ్తుందో మన చేతుల్లో ఉండదు. వీలైతే పనికి వేరే సిమ్ తీసుకోండి. దానిమీద ఉచిత వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే మీ డిజైన్ల కేటలాగ్ అందులోనే చూపించొచ్చు, రాత్రిపూట మెసేజ్‌లకు ‘రేపు పది తర్వాత మాట్లాడతాం’ అని దానంతటదే జవాబు వెళ్తుంది. మీ సొంత ప్రొఫైల్ ఫొటో, స్టేటస్‌లు అవతలివాళ్లకు కనిపించవు. ఇంటి నంబరు, ఫ్లోరు రాయకుండా కాలనీ పేరు, దగ్గరలోని గుడో, బస్టాపో రాస్తే సరిపోతుంది. వచ్చేవాళ్లు ఎలాగూ ఫోన్ చేసే వస్తారు.

కొత్త నంబరుకు దొంగ ఆర్డర్లు కూడా వస్తాయి. ‘యాభై బ్లౌజులు కావాలి, అడ్వాన్స్ పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. పెద్ద ఆర్డరు వచ్చిందన్న సంతోషంలోనే ఈ మాట మర్చిపోతారు.

ఇవి మాత్రం వేయకండి

నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని సొంత కార్డు మీద వేసుకోకూడదు. దీనికి 2005లో చేసిన చట్టమే ఉంది. ఏసీ కంపెనీల లోగోలు వేస్తే మీరు ఆ కంపెనీ అధీకృత సర్వీసు అనుకుంటారు. ‘అన్ని కంపెనీల ఏసీలు’ అని మాటల్లో రాయండి. లా చదివి కొత్తగా ఎన్‌రోల్ అయినవాళ్లు బార్ కౌన్సిల్ 36వ నిబంధన ఒకసారి చదవండి. ఫలానా రకం కేసుల్లో స్పెషలిస్టునని స్టేషనరీ మీద వేసుకోవడం అందులో నిషేధం.

ప్రెస్సుకు ఎప్పుడు?

నాలుగైదు షీట్లు తీసి, రెండు నెలలపాటు ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడకపోతే అప్పుడు వెయ్యి వేయించుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పెళ్లికార్డులకు పేరున్న ఛత్తా బజార్ ఉండనే ఉంది. మిగతా ఊళ్లవాళ్లు బస్టాండు దగ్గరి డీటీపీ షాపుల్లో రెండు మూడుచోట్ల అడగండి. కాగితం శాంపిల్ చేత్తో పట్టుకుని చూడండి. లామినేషన్ చేస్తామంటే ముందువైపుకే చేయమనండి, వెనక తేదీ రాయాలి కదా.

ప్రూఫ్ చూపించినప్పుడు స్క్రీన్ మీద చూసి సరేనని వచ్చేయకండి. ఒక కాగితం మీద ప్రింట్ తీయించండి. దాన్ని పక్కనున్నవాళ్లకిచ్చి, అందులోని నంబరు చూసి వాళ్ల ఫోన్ నుంచి డయల్ చేయమనండి. మీ జేబులో ఫోన్ మోగాకే ‘ఓకే’ చెప్పండి.